అమ్మ చెప్పిన అర్థాలు

నల్లపాడు అవతల మా ఊరి చర్చిలో మొదటిసారి ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగులో చెప్పిన రోజున ఊరంతా నన్ను చూసి నవ్వింది. అప్పటికి కొత్తగా టీచర్‌నయ్యాను. నా ఇంగ్లీషు మీద నాకు బోలెడు నమ్మకం. కేరళ నుంచి వచ్చిన ప్రసంగీకుడు, ఆ ఏడు వానకి మా పత్తి తడిసిపోయిందని విని, మమ్మల్ని 'రెజిలియెంట్' మనుషులన్నాడు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఆయన ఆగి నా వంక చూస్తున్నాడు. తోచింది అనేశాను.

"మీరు చాలా మొండివాళ్లు!"

ముందు వరసలోంచి ఒకావిడ, "మేమేం చేశామండీ?" అంది. ఇక నవ్వులే నవ్వులు.

భోజనాల దగ్గర ఆయన్నే అర్థం అడిగాను. ఎంత దెబ్బ తిన్నా మళ్లీ మామూలుగా నిలబడేవాళ్లని చెప్పాడు. మర్నాడు మిరప కళ్లంలో కాయలు ఏరుతున్న అమ్మకి ఆ సంగతి చెప్పాను. తలెత్తకుండానే, "అంటే తేరుకునేవాళ్లనేగా? ఆ మాత్రం దానికి తడబడ్డావా?" అంది.

అమ్మకి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు.

అంతవరకూ పదాల జాబితాలు బట్టీ పట్టేదాన్ని. వారం తిరిగేసరికి సగం మర్చిపోయేదాన్ని. ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. కొత్త మాట దొరికితే దాని సంగతి అమ్మకి చెప్పడం, ఆవిడ అన్నది నోట్‌బుక్‌లో రాసుకోవడం. 'మెటిక్యులస్'కి డిక్షనరీలో ఏముందో ఇప్పుడు గుర్తులేదు. అమ్మ మాత్రం, "రంగు పోయిన తాలుకాయ ఒక్కటి కూడా వదలకుండా ఏరే మనిషి. మీ పెద్దమ్మ లాగా," అంది. 'నోస్టాల్జియా' అంటే గడిచిన రోజుల మీద బెంగ అని చెబితే ఒప్పుకోలేదు.

"కూలికెళ్లిన రోజులు మళ్లీ రావాలని ఎవరు ఏడుస్తారే?"

అదీ రాసుకున్నాను.

నిరుడు ఒంగోలులో పెద్ద సభకి తర్జుమా చెయ్యడానికి నన్నే పిలిచారు. మధ్యలో 'ఫోర్‌బేరెన్స్' అన్న మాట వచ్చింది. నాకు తెలీదు. మైకు దించి, "అయ్యా, ఆ మాట ఇంకోలా చెప్పండి," అని ఇంగ్లీషులో అడిగాను. ప్రసంగీకుడు సంతోషంగా విడమరిచి చెప్పాడు. సభ సాగిపోయింది.

తిరుగు బస్సులోంచి అమ్మకి ఫోన్ చేసి, ఆ మాట గురించి ఆయన విడమరిచిందంతా చెప్పాను.

"నువ్వేమని చెప్పావు?"

"సహనం అన్నాను."

"చాలదు. తిరిగి కొట్టే సత్తా ఉండి కూడా చెయ్యెత్తకపోవడం అది. రాసుకో."

బస్సు కుదుపులకి అక్షరాలు వంకర పోతున్నా రాసుకున్నాను.