లెక్కలక్క, గొడుగుల గది

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. పధ్నాలుగేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. టీ తాగుతూ కూడా వేళ్ళ మీద ఏదో ఒకటి కూడుకుంటూ ఉంటుంది కాబట్టి షాపులో అందరూ ఆమెను లెక్కలక్క అంటారు. ఇంట్లో వంటగది అలమారలో ఆమెకు ఐదు డబ్బాలున్నాయి. ఇంటి వాయిదాకు ఒకటి, కరెంటుకు ఒకటి, సరుకులకు ఒకటి, మందులకు ఒకటి. ఐదో దాని పేరు ‘ఏదైనా వస్తే’. అందులో ఎప్పుడూ ఏమీ ఉండదు, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది గనక.

ఆ ఏడు వచ్చింది మాత్రం చిన్నది కాదు. ఆమె భర్త పనిచేసే సీసామూతల ఫ్యాక్టరీలో వారానికి ఆరు రోజుల పనిని నాలుగు రోజులు చేశారు.

“మిగతా రెండు రోజులూ ఇంట్లోనే కూర్చుని ఖర్చు తగ్గిస్తాలే” అన్నాడు భర్త.

“ఇంట్లో కూర్చుంటే నాలుగుసార్లు టీ తాగుతారు. ఫ్యాక్టరీలో అయితే అది వాళ్ళ ఖాతా” అంది ఆమె.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె వేళ్ళ మీద కూడిక మొదలుపెట్టింది. ఇల్లు మూడు గదులు. వీధి వైపు చిన్న గదికి వేరే తలుపుంది. దాన్ని అద్దెకిస్తే వాయిదాలో సగం గట్టెక్కుతుంది. కానీ అది గొడుగుల గది.

మామగారు నలభై ఏళ్ళు బస్‌స్టాండు పక్కన గొడుగులు బాగుచేశాడు. ఓపిక తగ్గి దుకాణం మూసేసినప్పుడు, జనం ఇచ్చి మళ్ళీ తీసుకెళ్ళని గొడుగులు నూట నలభై దాకా ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రతి పిడికీ దారంతో కట్టిన చీటీ ఉంటుంది. ‘పొడుగు టీచరు’, ‘పోస్టాఫీసు మీసాలాయన’, ‘కవలల తల్లి’. పేర్లు అడిగే అలవాటు ఆయనకు లేదు, మొహాలు మరిచిపోయే అలవాటూ లేదు.

“బాగుచేయమని ఇచ్చిన వస్తువు నాదెలా అవుతుంది? రేపు వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్పను?” అనేవాడు. ఆ రేపు తొమ్మిదేళ్ళుగా రాలేదు.

గది ఖాళీ చేయాలని ఆయనకు చెప్పేదెవరు? “మీ నాన్నేగా, మీరే చెప్పండి” అని ఆమె. “నా మాట కన్నా నీ మాటకే విలువ” అని భర్త. పిల్లి మెడలో గంట ఎవరూ కట్టలేదు. ఈలోగా షాపులో కొత్తగా చేరిన అమ్మాయి గది కోసం వెతుకుతోందని తెలిసి, లెక్కలక్క నోరు జారి “మా ఇంట్లో ఉందిగా” అనేసింది. మర్నాడే ఆ అమ్మాయి అడ్వాన్సు చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే అది వాయిదా డబ్బాలో పడి, తెల్లారేసరికి బ్యాంకుకు పోయింది. ఆ అమ్మాయి గదిలో దిగాల్సిన ఒకటో తారీఖుకు ఇరవై ఆరు రోజులున్నాయి.

అప్పుడు ఆమె దొంగ పని మొదలుపెట్టింది. పనికి వెళ్తూ రోజుకో గొడుగు చంకన పెట్టుకుని, బస్టాపు దగ్గర పాత సామాన్ల షాపులో నలభైకి అమ్మేది. చీటీలు పారేయడానికి మనసొప్పక పర్సులో దాచేది. రోజుకొకటి చొప్పున తీస్తే నూట నలభై ఎప్పటికి అయ్యేనని లెక్కలక్కకు తెలియదా? తెలుసు. అయినా ఊరికే కూర్చోవడం కన్నా ఏదో ఒకటి చేయడమే ఆమెకు కాస్త ఊపిరి ఆడనిచ్చేది.

“మబ్బయినా లేదు కదమ్మా” అన్నాడు మొదటిరోజు వరండాలో కూర్చున్న మామగారు.

“ఎండ, మామయ్యా” అంది. ఆ రోజు షాపులో రెండు అద్దాలు తిరగేసి బిగించింది. మర్నాటి నుంచి ఆయన కంటబడకుండా గొడుగుల గది వీధి తలుపులోంచే బయటపడేది.

రెండో వారంలో ఆమెకు అనుమానం మొదలైంది. రోజుకొకటి, ఒక్కోసారి రెండూ తీస్తోంది. గది మాత్రం తోడేకొద్దీ ఊరే చెలమలా ఉంది. పైగా పాలకూ కూరలకూ మామగారు ప్రతినెలా వృద్ధాప్య పింఛనులోంచి ఇచ్చే డబ్బు ఈసారి బాగా తగ్గింది. అడిగితే “ఏవో ఖర్చులమ్మా” అని తల తిప్పుకున్నాడు. ఇంకా ఏవేవో కనిపించసాగాయి. పొద్దున్నే రెండుసార్లు “ఇవాళ ఏ వారం?” అని అడిగేవాడు. ఎప్పుడూ తన టీ తానే పెట్టుకునే మనిషి, స్టవ్ జోలికి పోవడం మానేశాడు.

ఒక పొద్దున ఆమె గుట్టలోంచి చేతికందిన గొడుగు లాగింది. పసుపుపచ్చది, బాతుముక్కు పిడి. కిందటి సోమవారం దాన్ని తానే అమ్మింది. పిడికి కొత్త చీటీ కట్టి ఉంది. దాని మీద వణికిన అక్షరాలు: ‘ఎవరిదో గుర్తు రావడం లేదు.’

ఆమె తిన్నగా పాత సామాన్ల షాపుకు వెళ్ళింది.

“ఒక పెద్దాయన రెండ్రోజులకోసారి వచ్చి కొంటున్నాడు. ఎనభైకి ఇస్తున్నా” అంది షాపావిడ. “గొడుగు విప్పి, కుట్టు తడిమి, ‘ఇది నా చేతి పనే. నేనే తెచ్చి అమ్మానా?’ అని అడుగుతాడు. ఎవరు తెచ్చారో నేను ఎవరికీ చెప్పను, వ్యాపారం కదా. పాపం, ఆయనకు మతి కాస్త తప్పినట్టుంది.”

నలభైకి అమ్మితే ఎనభైకి తిరిగొస్తోంది. ఆ నష్టం లెక్క ఆమెకు అప్పుడు తట్టనే లేదు. మధ్యాహ్నం భర్తకు ఫోన్ చేస్తే అతను కాసేపు నసిగి, “శనివారం నాన్న మెదడు డాక్టరు దగ్గరికి వెళ్తానంటున్నాడు. నువ్వు కంగారుపడతావని చెప్పొద్దన్నాడు” అన్నాడు.

ఒక పూట సెలవు పెట్టి ఇంటికొచ్చింది. దారిలో మూడు అబద్ధాలు తయారు చేసుకుంది. ఒక్కటీ నిలబడేలా లేదు. మామగారు వరండాలో పాత కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు.

“మామయ్యా, మీ మతికేం కాలేదు” అంది నిలబడే. “గొడుగులు నేను తీసుకెళ్ళి అమ్మాను.”

ఆయన కలం ఆగింది. ఆమె పర్సు తెరిచి చీటీలన్నీ ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కటీ తీసి చూశాడు. బాతుముక్కు గొడుగు చీటీ దొరికింది.

“కవలల తల్లి” అని చదివాడు. “అదే అనుకున్నా. ఆవిడే అనుకున్నా గానీ నమ్మకం చాలలేదు.” కళ్ళు తుడుచుకున్నాడు. “అయితే నా తలకాయ బాగానే ఉందన్నమాట.”

“బాగానే ఉంది మామయ్యా. గది అద్దెకిద్దామని... అడ్వాన్సు కూడా తీసుకుని ఖర్చు పెట్టేశాను. మీతో చెప్పడానికి భయమేసింది.”

“నీ భయం సరే. మరి నా భయం మాటేమిటి? గ్యాసు ఆపానో లేదో తెలియక, మీ ముగ్గుర్నీ నేనే కాల్చేస్తానేమో అని పదిహేను రోజులుగా వంటగది గడప తొక్కలేదు.”

ముగ్గురెక్కడా, ఇద్దరమే కదా అని ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన తనను తాను కూడా ఆ లెక్కలో కలుపుకున్నాడని అప్పుడు అర్థమైంది.

రెండు రోజులు మామగారు ఆమెతో మాట్లాడలేదు. కంచం వరండాలోకి తెప్పించుకున్నాడు. మధ్యవర్తిగా వెళ్ళిన భర్త, “నాన్న నా మీదా అలిగాడు, నాకేం తెలియదన్నా వినడు” అంటూ తిరిగొచ్చాడు. షాపులో ఆమె టీ చల్లారిపోతున్నా వేళ్ళు కదల్లేదు. మూడోరోజు పొద్దున్న వంటగదిలో గిన్నె చప్పుడైంది. మామగారు టీ పెడుతున్నాడు. మూడు గ్లాసులు తీశాడు.

“ఆదివారం నాతో వస్తావా?” అన్నాడు ఆమె వైపు చూడకుండా. “ఇళ్ళు తెలిసినవాళ్ళవి ఇచ్చేద్దాం.”

ఆ ఆదివారం మామా కోడళ్ళు ముప్పైరెండు గొడుగులు మోసుకుని తిరిగారు. పొడుగు టీచరు నడుం వంగి పొట్టిగా అయిపోయింది, గొడుగు చూసి గుర్తుపట్టింది. పోస్టాఫీసు మీసాలాయన మీసాలు తీసేశాడు, గొడుగు తనది కాదని వాదించాడు. ఒకాయన ఆనాటి మజూరీ బాకీ ఇప్పుడు ఇస్తానని పట్టుబట్టి, చిల్లర లేదని పక్కింట్లో అడిగి మరీ ఇచ్చాడు. కవలల తల్లి ఆ వీధి వదిలి వెళ్ళిపోయిందట, ఎక్కడికో ఎవరికీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు మామగారి కాలు నొప్పెట్టి మూడుచోట్ల కూర్చున్నారు. శనివారం డాక్టరు దగ్గరికి ఆయన వెళ్ళనే లేదు. “ఒకసారి చూపించుకుంటే నాకు నిశ్చింత” అని ఆమె అంటే, “ముందు నీకు చూపిద్దాం” అన్నాడు.

మిగిలినవి ఆయనే పాత సామాన్ల షాపుకు అమ్మాడు, ఒక్కోటి అరవైకి. నలభైకిచ్చిన కోడలిని చూసి “పొద్దస్తమానం లెక్కలు, బేరం మాత్రం సున్నా” అన్నాడు. పన్నెండు గొడుగుల్ని మంచం కిందకు తోశాడు. వాటి సంగతి ఎత్తవద్దన్నాడు. ఎవరూ ఎత్తలేదు.

కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి నాలుగు రోజులు ఆలస్యంగా గదిలో దిగింది. గొడుగుల ఊచలకు పూసిన నూనె వాసన ఇంకా వస్తోందని కిటికీ రాత్రీ పగలూ తెరిచే ఉంచుతుంది. ఫ్యాక్టరీలో పని ఇంకా నాలుగు రోజులే. లెక్కలక్కకు డబ్బు భయం పూర్తిగా పోలేదు. కాకపోతే ఇప్పుడు నెల మొదట్లో ముగ్గురూ కూర్చుంటారు, ఆమె ఖర్చులన్నీ పైకి చదువుతుంది. మామగారు తన న్యూస్‌పేపరు ఖర్చు కొట్టేయమంటాడు. ఆమె కుదరదంటుంది. భర్త టీలు రెండుకు తగ్గిస్తానంటాడు, అది ఎవరూ నమ్మరు. ఈ నెల కరెంటు బిల్లుకు ఇంకా కొంత తక్కువుంది. గడువు ఆరు రోజులు.