బామ్ డాక్టరు

కుట్టు హాలు సూపర్‌వైజరుకి అక్కడి ఆడవాళ్లు పెట్టుకున్న పేరు బామ్ డాక్టరు. పొట్ట ముందు, తాను వెనకగా మిషన్ల వరసల మధ్య తిరుగుతూ, పూర్తయిన ప్రతి చొక్కాకీ చేతిలోని కౌంటరు మీటని బొటనవేలితో టిక్కుమని నొక్కుతాడు. ఎవరైనా మణికట్టు పట్టుకుని "సార్, ఆస్పత్రికెళ్లాలి, ఒక్కపూట సెలవివ్వండి" అంటే చాలు, జేబులోంచి బామ్ డబ్బా తీసి, గోటితో ఇంత గీకి వాళ్ల చేతికి అంటిస్తాడు. "రాసుకో, సాయంత్రానికి ఎగిరిపోతుంది. మా అమ్మ జన్మంతా బట్టలుతికింది, ఆవిడకి రాని నొప్పి నీకొచ్చిందా?" అంటాడు. డబ్బా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వడు, ఎక్కడ అయిపోతుందోనని. చొక్కాలకు చేతులు కుట్టే ఆవిడ ఆరు నెలలుగా ఆ బామే రాసుకుంటోంది. ముందు వేళ్లు తిమ్మిరెక్కాయి, తర్వాత సూదిలోకి దారం ఎక్కించడం కూడా ఆమె వల్ల కాకుండా పోయింది.

మొన్న సోమవారం పొద్దున మహానుభావుడి బొటనవేలు వంగింది, మళ్లీ లేవలేదు. బామ్ సంగతి గుర్తే రాలేదు. మధ్యాహ్నం లోపే పేరున్న ఎముకల డాక్టరు ముందు కూర్చున్నాడు. మర్నాడు వేలికి పట్టీతో వచ్చి, హాలంతా వినేలా చెప్పాడు: "ఇలాంటివి అశ్రద్ధ చెయ్యకూడదట. వెంటనే వెళ్లాను కాబట్టి సరిపోయింది. ఆర్నెల్లు ఆగుంటే చెయ్యి పనికిరాకుండా పోయేదట!"

చేతులు కుట్టే ఆవిడ మిషను ఆపింది. "నాకు ఆర్నెల్లయింది సార్."

ఆయన అలవాటుగా జేబులోంచి డబ్బా తీశాడు. పట్టీ కట్టిన వేలితో మూత రాలేదు. మొదటిసారిగా దాన్ని ఆవిడ చేతికిచ్చి, "నువ్వే తీసుకో" అన్నాడు. ఆవిడ మూత తిప్పబోయింది, వేళ్లు జారిపోయాయి. మళ్లీ తిప్పబోయింది.

"ఏమ్మా, ఆ మాత్రం మూత కూడా తియ్యలేవా?" అన్నాడు.