రెండు పూతల బరువు

గాలం వేయడమంటే ప్రాణం, వానపాము అంటే రోత. ఈ రెండూ ఒకే మనిషికి పెట్టి పుట్టించాడు దేవుడు. ఆ మనిషే ఛీ మేస్త్రి.

మాటకి ముందొక ఛీ, మాటకి వెనకొక ఛీ అంటాడు కాబట్టి వీధి పెట్టిన పేరది. నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ బిగించిన వడ్రంగి. కుడి భుజం పట్టేశాక బరువు పని మానేసి, రిజర్వాయరు గట్టు మీద గాలం పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదటి రోజే ఎవరో పుణ్యాత్ముడు వానపాముల డబ్బా చేతికిచ్చాడు. మూత తీస్తే లోపల మెలికలు తిరుగుతున్న ముద్ద. పొద్దున తాగిన కాఫీ గట్టు మీదే కక్కుకున్నాడు. వాటిని తాకనైనా తాకకపోయినా రెండు రోజులపాటు వేళ్ళు వాసన చూసుకుంటూనే ఉన్నాడు. మూడో రోజు పాత కిటికీ రెక్క ముక్కొకటి తీసి చేపని చెక్కాడు. పురుగు బదులు చెక్క చేప. దారానికి కట్టి నీళ్ళలో లాగుతుంటే పెద్ద చేప అది నిజంగా చిన్న చేపే అనుకుని నోరు వేయాలి, గాలానికి చిక్కాలి.

మొదటిది వెల్లకిలా తేలింది. రెండోది ముక్కు కిందికి పెట్టి మునిగింది. చెక్కడం ఎవడైనా చెక్కుతాడు, నీళ్ళలో నిలబెట్టడమే విద్య అని అప్పటికి గానీ తెలిసిరాలేదు. కడుపు కింద బర్మాతో రెండు తొర్రలు తొలిచి, సీసం ముక్కలు కూరి, గాలాలు కూడా తగిలించి తొట్టిలో వదలాలి. తేలకూడదు, మునగకూడదు. వదిలిన చోటే ఊపిరి బిగబట్టినట్టు నిలవాలి. బియ్యపు గింజంత సీసం ఎక్కువైతే కిందికి, తక్కువైతే పైకి. అలా నిలిచే చేపకే పెద్ద చేప మోసపోతుంది. కుదిరాక తొర్రలు లప్పంతో మూసేసి రంగులకి పంపేవాడు.

రంగులు వేసేది తోడల్లుడు, అంటే పెళ్ళాం చెల్లెలి మొగుడు. కొట్లకి బోర్డులు రాసే పెయింటరు. సన్నటి కుంచెతో ఒక్కో పొలుసూ దిద్దేవాడు. ఆయన వేసేవి రెండే పూతలు. ఆ రెండు పూతల బరువుకి సరిపడా సీసం మేస్త్రి ముందే తగ్గించి పెట్టేవాడు. పదకొండేళ్ళలో ఒక్క చేప తప్పలేదు.

అలాంటిది, ఆ శుక్రవారం, ఆయన చేపలు అమ్మిపెట్టే గాలాల కొట్టావిడ తొమ్మిది చేపలు సంచిలోంచి బల్ల మీద కుమ్మరించింది. ఒక్కో చేపకీ నల్లటి బురద, కుళ్ళిన నాచు, ఎవరిదో తెగిపోయిన పాత దారం. కొట్టంతా మురిగిన గుడ్డు కంపు.

"మేస్త్రిగారూ, ఇవి చేపలా, తూకం రాళ్ళా? వదిలీ వదలగానే అడుక్కి పోతున్నాయంట. జనం బురదలో దిగి పీక్కొచ్చారు. మీరే వాసన చూడండి."

"ఛీ! అవతల పెట్టమ్మా," అని మేస్త్రి ముక్కు మూసుకున్నాడు. "నా తూకం తప్పదు. ఇది మా తమ్ముడి నిర్వాకం. మూడో నాలుగో పూతలు దట్టించి ఉంటాడు."

పెయింటరు అక్కడే ఉన్నాడు, చేతిలో కుంచెల సంచితో. "రెండే వేశాను అన్నయ్యా."

"రెండని నీకెలా తెలుసు? ఎదురొచ్చే మనిషే నీ కంటికి ఆనడం లేదు, వేసిన పూత ఆనుతుందా?"

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, దారం కొనుక్కోవడానికి వచ్చిన మందుల కొట్టాయన. తన కొట్టుకి కొత్త బోర్డు రాయమని వారం కిందటే పెయింటరుకి చెప్పి ఉన్నాడు. ఆయన పెయింటరు కళ్ళకేసి ఒకసారి చూసి, చిల్లర తీసుకుని వెళ్ళిపోయాడు. పెయింటరు కుంచెల సంచి బల్ల మీద పెట్టేసి, "ఇక నీ చేపలకి నువ్వే రంగులేసుకో అన్నయ్యా," అని మెట్లు దిగాడు.

సాయంత్రానికల్లా మందుల కొట్టాయన దగ్గర్నుంచి కబురు: బోర్డు సంగతి ఇప్పుడొద్దు, తర్వాత చూద్దాం. బోర్డులు రాసేవాడికి కళ్ళు కనపడవన్న మాట పుట్టాక ఇంకెవరు పిలుస్తారు?

చెల్లెలు ఫోన్ చేసి ఏడిస్తే మేస్త్రి భార్య అంతా విని, ఫోన్ పెట్టేసి, మొగుడి ముందు నిలబడింది.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తెలుసా మీకు?"

"నేను ఉన్న మాటే అన్నానే. రుజువు చూపిస్తాను చూడు."

శనివారం పొద్దున్నే పెరట్లో బట్టలు నానబెట్టే తొట్టి నిండా నీళ్ళు పట్టి, ఒక చేపని ఒళ్ళో పెట్టుకుని బ్లేడుతో రంగు గీకడం మొదలుపెట్టాడు. రంగు రేకులతోపాటు బురద గోళ్ళలో ఇరుక్కుంది. ప్రతి గీకుడికీ ఒక ఛీ. పూతలు లెక్కపెడదామని చూశాడు. తెల్లది ఒకటి, దాని మీద వెండి రంగు ఒకటి. రెండే. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. మందంగా వేసి ఉంటాడులే అనుకుని, చెక్క బయటపడేదాకా గీకి, గాలాలు తగిలించి తొట్టిలో వదిలాడు. పూతలు పోయాక తేలి తీరాలి కదా.

చేప నిమ్మళంగా వెళ్ళి తొట్టి అడుగున పడుకుంది.

ఇంకొకటి గీకాడు. అదీ మునిగింది. మూడోదీ, నాలుగోదీ. ఒంటిమీద రంగు చుక్క లేకుండా నాలుగు చేపలు అడుగున పడి ఉంటే, మేస్త్రి మొహం చూడాలి!

పప్పు ఏరుకుంటూ గడపలో కూర్చున్న భార్య అడిగింది. "ఇవి ఆ ఎర్ర దుప్పట్ల రోజువేనా?"

"ఏ ఎర్ర దుప్పట్లు?"

"కొత్త దుప్పట్లు రంగు పోకుండా ఉప్పునీళ్ళలో నానేశాను. మీకేమో తొట్టి కావాల్సి వచ్చింది. దుప్పట్లు తీసి బకెట్లో పడేసి, ఆ నీళ్ళలోనే మీ చేపల్ని వదిలారు. నీళ్ళు మార్చుకోండి మహానుభావా అన్నాను. నీళ్ళు ఎర్రగా ఉన్నంత మాత్రాన చేపకేం జబ్బు చెయ్యదులే అన్నారు."

అన్నాడు. గుర్తుంది. రంగు గురించి అన్నాడు గానీ ఉప్పు సంగతి తలకెక్కించుకోలేదు. ఉప్పునీళ్ళు దేన్నైనా ఎత్తి పట్టుకుంటాయి. ఆ నీళ్ళలో నిలిచిన చేప మంచినీళ్ళలో మునక్క ఏం చేస్తుంది?

"ఎంత ఉప్పు వేశావే?"

"సగం పొట్లం. మీ నోటికున్నంత ఘాటు లేదులెండి."

వంటింట్లోకి వెళ్ళి ఉప్పు తెచ్చి తొట్టిలో పోసి, చేత్తో కలిపాడు. రంగు ఉంచిన చేపల్లో ఒకటి తీసి వదిలాడు. అది వదిలిన చోటే, ఊపిరి బిగబట్టినట్టు, చక్కగా నిలిచింది. అంత అందంగా నిలిచిన చేపని చూసి అంత రోత ఆయనకి ఎన్నడూ పుట్టలేదు. ఇంకా నమ్మకం కుదరక వేలు ముంచి నాలికకి రాసుకున్నాడు. ఉప్పు, బురద, పాత సబ్బు, వార్నిష్. ఉమ్మేశాడు. మళ్ళీ ఉమ్మేశాడు. ఆ రుచి పోలేదు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని జీవితమంతా అసహ్యించుకున్న మనిషి, ఇప్పుడు తనని తాను ఎక్కడ ఉమ్మేసుకోగలడు?

"సరే, వాళ్ళింటికి వెళ్ళి చెప్పొస్తాను," అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఇంట్లో చెప్తే ఏం లాభం? అన్నది కొట్లో కదా! నలుగురిలో అన్నమాట నలుగురిలోనే మింగాలి."

ఆదివారం గాలాల కొట్టు కిటకిటలాడే పూట. మేస్త్రి చేపలు వేసిన తొట్టి నెత్తిన పెట్టుకుని, చంకలో ఉప్పు పొట్లంతో మెట్లెక్కాడు. పెయింటరుని ఆయన పెళ్ళాం ఎలాగో లాక్కొచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టింది. మందుల కొట్టాయన రాలేదు. కబురంపినా రాలేదు.

కొట్టావిడ మంచినీళ్ళు పట్టించింది. మేస్త్రి చేపని వదిలాడు, మునిగింది. ఉప్పు పోసి కలిపాడు, లేచి నిలిచింది.

"చూశారుగా. నా పెళ్ళాం దుప్పట్లు నానేసిన ఉప్పునీళ్ళలో తూకం చూశాను. తప్పు నాది. మా తమ్ముడు వేసింది రెండు పూతలే. వాడి కళ్ళ మీద నేనన్నది ఒట్టి కుళ్ళు మాట."

"అయితే మేస్త్రీ, సముద్రానికైతే పనికొస్తాయన్నమాట!" అన్నాడొకడు. కొట్టంతా గొల్లుమంది. ఇంకొకడు, "పప్పులోకి కూడా పనికొస్తాయి," అన్నాడు. మేస్త్రి చెవులు కందిపోయాయి గానీ ఎవర్నీ ఛీ అనలేదు. అనే మొహం లేదు.

పెయింటరు నవ్వలేదు. బల్ల దాకా వచ్చి, గీకిన నాలుగు చేపల్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"గీకడమైనా సరిగ్గా గీకలేదు. చెక్క లేచిపోయింది."

"మళ్ళీ చెక్కి ఇస్తాను తమ్ముడూ."

"చెక్కు. నీళ్ళు మార్చుకుని చెక్కు." శుక్రవారం వదిలేసి పోయిన కుంచెల సంచి భుజానికి తగిలించుకున్నాడు. చేపల్ని మాత్రం బల్ల మీదే వదిలేశాడు. పెళ్ళాన్ని పిలిచి వెళ్ళిపోయాడు.

నెల తిరిగాక మళ్ళీ పన్నెండు చేపలకి రంగులేసి ఇచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు, గేటు దగ్గరే ఇచ్చి పోయాడు. ఈలోపు మందుల కొట్టుకి బోర్డు లేచింది. ఎవరో ఇంకొకడు రాశాడు. అక్షరాలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, చివరి రెండూ చోటు చాలక అంచున ఇరుక్కుని ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ఇంటికి ఒంటినొప్పుల మందు తేవాలంటే మేస్త్రి ఇప్పుడు రెండు వీధులు చుట్టు తిరిగి వేరే కొట్టుకి వెళతాడు. ఆ బోర్డు కింద మాత్రం నిలబడడు.