మూడొందల మీటర్ల మోంజీ బాబాయ్

మోంజీ బాబాయ్ ఎవరు ఎదురైనా ముందు వాళ్ళు ఏ తీగ కోవలోకి వస్తారో తేల్చుకున్నాకే సలాం చెబుతాడు. స్ఫాక్స్ పట్నం చుట్టుపక్కల నలభై ఏళ్ళుగా యంత్రానికీ యంత్రానికీ తీగలు లాగి మాట కలిపి కలిపి ఆయన బుర్ర అలా తయారైంది.

కొత్త దంపతులు కనబడితే, "మీది 232 తీగర్రా. ఇద్దరే మాట్లాడుకుంటారు, పదిహేను మీటర్లు దాటితే ఒకరి మాట ఒకరికి వినబడదు. పక్కపక్కనే ఉండండి" అని దీవిస్తాడు. ఆయన అత్తగారు యూఎస్‌బీ. ఆవిడ అడిగితేనే ఇంట్లో ఎవరైనా నోరు విప్పాలి. 485 తీగంటే మాత్రం బాబాయ్‌కి ప్రాణం. "ఒక్క జంట తీగ మీద ముప్పై రెండు మంది! వంతులవారీగా మాట్లాడతారు, కిలోమీటరు అవతలున్నా వింటారు."

"మరి నేనో?" అని మసీదు ఇమాం సరదాపడి అడిగాడు.

"మీరు ఆపకుండా పంపుతూనే ఉంటారు షేక్. అవతల అందిందో లేదో చూసుకోరు."

ఆలివ్ నూనె గానుగ యజమాని షాద్లీకి ఈ గోల సుతరామూ పడదు. శనివారం నుంచి కోత సరుకు వచ్చిపడుతుంది. పన్నెండేళ్ళుగా కాటా దగ్గర తూకాలు రాసే సల్వా, వాళ్ళమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడటంతో రాలేనంటోంది. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని కబురంపాడు షాద్లీ. కొత్త కాటా కొని, పక్కనే బల్ల మీద కంప్యూటర్ పెట్టించి, బాబాయ్‌ని పిలిచాడు.

"యూఎస్‌బీ తీగ పెట్టెలోనే ఉంది. తగిలించి వెళ్ళు."

"అది ఐదు మీటర్లకే ఆయాసపడుతుందిరా షాద్లీ. అచ్చం నీలాగే."

"బల్ల రెండు మీటర్ల దూరంలో ఉంది బాబాయ్!"

"ఇవాళ రెండు. రేపో?"

"రేపు బల్ల లేచి నడుస్తుందా?"

"ఇన్షా అల్లా."

శుక్రవారం షాద్లీ నమాజు చేసుకుని వచ్చేసరికి బల్ల ఉంది, కంప్యూటర్ లేదు. కాటా వెనక నుంచి మెలితిప్పిన సన్నటి తీగ ఒకటి గోడెక్కి, నాగజెముడు కంచె దాటి పోతోంది. షాద్లీ తిట్టుకుంటూ దాని వెంటే నడిచాడు. మూడొందల మీటర్లు! తీగ వెళ్ళి సల్వా ఇంటి కిటికీలో దూరింది.

లోపల సల్వా కంప్యూటర్ ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. వాళ్ళమ్మ ఖమీసా మంచానికి ఎదురుగా, గోడ మీద తూకం చూపే ఎర్రంకెల డబ్బా ఒకటి.

"ఇదెందుకు?"

"ముప్పై రెండు మందికి చోటున్న తీగ కదా. పెద్దావిడకీ ఒక వంతు ఇచ్చాను" అన్నాడు అక్కడే ఉన్న బాబాయ్. "గోడకేసి చూసి చూసి విసిగిపోయిందిట. రైతు పేరు నువ్వు ఫోన్‌లో చెప్పు, బరువు తీగ చెబుతుంది, సల్వా రాసుకుంటుంది."

"నన్నో మాట అడగొద్దూ?"

"అడిగితే వద్దనేవాడివి."

"ఇంత దూరంలో తూకం తప్పితేనో?"

"పో, ఎక్కి చూసుకో."

షాద్లీ విసవిసా వెనక్కి నడిచి కాటా ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే ఫోన్ మోగింది. ఖమీసా గొంతు, ఎంత హుషారుగానో!

"తొంభై ఆరు కిలోలు! ఎవరి సరుకు నాయనా ఇది? ఆకూ అలమూ బాగా కలిసినట్టుంది, ఓ పది తగ్గించి రాయించనా?"

షాద్లీ పొట్ట లోపలికి లాక్కున్నాడు. అంకె కదల్లేదు.

"రాయించు పెద్దమ్మా" అన్నాడు చివరికి. "సల్వాతో చెప్పు, రేపు ఏడింటికల్లా మొదలు."