ఆరక్క కాల్చిన కాగితం

ఆరక్క కుళ్ళుమోతుది. ఈ మాట ఆమె మొహం మీదే అనగలను, చాలాసార్లు అన్నాను కూడా. అంటే, "పోవే, నీ అరటిపళ్ళు మాడుతున్నాయి చూసుకో" అంటుంది. నా పళ్ళు ఎప్పుడూ మాడవు. అరటిపండుకి బంకన్నం పూసి, ఆకు చుట్టి, బొగ్గుల మీద ఎప్పుడు తిప్పాలో నాకు బాగా తెలుసు. ఆమె కొట్టు ముందు, రోడ్డు అంచున పొయ్యి పెట్టుకుని ఏళ్ళు గడిచిపోయాయి. నాకు తెలియకుండా ఆ కొట్లో ఈగ కూడా కాఫీ తాగదు.

ఆమె అసలు పేరు న్యాన్. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదు. ఇంట్లో ఎన్నోవాళ్ళైతే ఆ అంకెతోనే పిలుచుకుంటాం మేం. ఆరక్క, ఐదక్క, మూడన్న, ఎవరిల్లు వాళ్ళదే, ఒకరికొకరు చుట్టాలు కారు. నేను మా ఇంట్లో ఆఖరిదాన్ని కాబట్టి నాకు అంకె కూడా మిగల్లేదు, చిట్టి అంటారు. యాభై దాటినా చిట్టినే.

ఆరక్కది ఊయల కొట్టు. సైగాన్ నించి కమావ్ పోయే పెద్ద రోడ్డు మీద, రాచ్ దువా వంతెన దిగగానే కనిపిస్తుంది. ముందు ఆకుల పందిరి, పందిరి కింద వరసగా వల ఊయలలు, వెనక ఆమె ఉండే ఇటుకల ఇల్లు. ఒక ఐసు కాఫీ తీసుకుంటే ఎండ దిగేదాకా పడుకోవచ్చు. లారీలవాళ్ళు, వ్యాన్లవాళ్ళు అందరికీ ఇదే మజిలీ. సరిగ్గా రోడ్డవతల ఐదక్క లాయ్ కొట్టు. అదే పందిరి, అవే ఊయలలు, అదే కాఫీ. ఐదక్క మొగుడు ఇంకొకత్తెతో పోయాడు, ఆరక్క మొగుడు కాలవలో పడవ బోల్తా పడి పోయాడు. ఆ ఒక్కటే తేడా.

ఆరక్కకి ఉన్న ఆస్తి హస్తవాసి. మా వైపు ఎవరు కొత్తగా కొట్టు తెరిచినా మొదటి బోణీ ఆమె చేత్తోనే చేయించుకుంటారు. నా పొయ్యి మీద మొదటి అరటిపండూ ఆమే కొంది. అందుకేగా ఇప్పటికీ ఆరకుండా మండుతోంది.

రెండో ఆస్తి మూడన్న. ఆస్తి అన్నానని తెలిస్తే ఆమె నా నాలుక కోస్తుంది. మూడన్న పేరు ఖోయ్, పెళ్ళాం పోయినవాడు, సైగాన్‌కి సొంత కార్లో ప్రయాణికుల్ని తిప్పుతాడు. వాళ్ళని దింపి తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నానికి ఇక్కడ ఆగుతాడు. కాలవ పక్కనున్న చివరి ఊయల్లో పడుకుని, టోపీ మొహం మీద వేసుకుని గుర్రుపెడతాడు. అతని నడుం నొప్పికి ఆ ఊయల తాడు కాస్త కిందికి దించి కట్టింది ఆరక్క. ఇంకెవరైనా అందులో పడుకోబోతే, "ఆ తాడు తెగింది బాబూ, పక్కదాంట్లో పడుకో" అనేది. వాళ్ళిద్దరి మధ్య మాటలేమిటయ్యా అంటే, "వచ్చావా?" "వచ్చాను." అంతే. అన్నేళ్ళూ అంతే! నాకైతే ఒళ్ళు మండిపోయేది.

ఇక అసలు సంగతికొస్తాను. మా దగ్గర బోణీ కాకముందు ఎవడైనా వచ్చి, అదెంత ఇదెంత అని అడిగి, అన్నీ ముట్టుకుని, ఏమీ కొనకుండా పోయాడంటే ఆ రోజు బేరం మట్టికొట్టుకుపోయినట్టే. అప్పుడు కాగితం వెలిగించి, గుమ్మం చుట్టూ తిప్పి, పోయేవాడి వెనకాల ఊపుతాం. దిష్టి వాడితోపాటు పోతుంది. అందరూ చేస్తారు, నేనూ చేస్తాను. ఆరక్క చేస్తే మాత్రం చూడ్డానికి జనం ఆగుతారు.

ఒకరోజు తెల్లారుతూనే ఇస్త్రీ చొక్కాల వాళ్ళు ముగ్గురు దిగారు. ఆరక్క అప్పుడే నేలదేవుడి బొమ్మ ముందు కాఫీ చుక్క పెట్టి లేస్తోంది.

"ఈ స్థలం ఎవరిది? వెనక ఎంత లోతుంది? కరెంటు లైను ఎక్కణ్ణించి వస్తుంది?"

"నాదే. కాఫీ ఇవ్వమంటారా?"

"వద్దండీ, తాగొచ్చాం."

పందిరి గుంజలు ముట్టుకున్నారు. టేపు పెట్టి కొలిచారు. ఫోటోలు తీసుకున్నారు. గోడ మీద చేత్తో కొట్టి చూశారు. చివరికి, "మళ్ళీ వస్తాం" అని బయల్దేరారు.

"మళ్ళీ వస్తారా! మీ మొహాలు మళ్ళీ చూడాలా నేను!" అంటూ ఆరక్క కాగితం వెలిగించి వెంటపడింది. ఒకడి ప్యాంటు అంచు మీద నిప్పురవ్వ పడింది. ముగ్గురూ లారీల మధ్య పడుతూ లేస్తూ రోడ్డు దాటారు. నేను కడుపు పట్టుకుని నవ్వాను.

అవతల ఐదక్కకి అప్పటికే బోణీ అయిపోయింది, మంచి హుషారు మీదుంది. కుర్చీలు వేసి, కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చింది. వాళ్ళు కరెంటు కార్లకి చార్జింగు మిషన్లు పెట్టే కంపెనీవాళ్ళట. వానలు మొదలయ్యేసరికి ఐదక్క కొట్టు పక్కన పచ్చ రంగు మిషన్లు వరసగా నిలబడ్డాయి.

అప్పట్నించి మొదలైంది మా ఆరక్క కడుపుమంట. "ఆ వెధవలు ఒక్క కాఫీ తాగి చచ్చుంటే ఆ మిషన్లు ఇవతల ఉండేవి కదే" అని రోజూ ఇదే పాట.

"నువ్వు నిప్పెట్టి తరిమావు, అది నీళ్ళిచ్చి కూచోబెట్టింది" అన్నాను.

"నోర్ముయ్. నువ్వూ పో అటుపక్కకి. నీ పొయ్యి కూడా పట్టుకుపో."

నిజం చెప్పొద్దూ, పోదామనే అనుకున్నాను. బేరం అటే ఉందిగా మరి. కానీ పోతే ఇవన్నీ ఎవరు చూస్తారు?

మిషన్లు మొదలుపెట్టే ముందురోజు ఐదక్క కొత్త జాకెట్టు వేసుకుని రోడ్డు దాటి వచ్చింది.

"అక్కా, రేపు నువ్వే బోణీ చెయ్యాలి. మొదటి కారుకి నీ చేత్తోనే ప్లగ్గు పెట్టాలి. నీ చెయ్యి పడితే ఇంక తిరుగుండదు."

"నాకు కారెక్కడిదమ్మా, కాఫీ గ్లాసులు కడుక్కునేదాన్ని."

"కారు వేరేవాళ్ళదిలే. చెయ్యి నీది కావాలి."

కాదంటే ఊరంతా ఏమనుకుంటుంది? కుళ్ళుకుంటోంది అనుకుంటుంది. నిజంగానే కుళ్ళుకుంటోంది కాబట్టి అసలు కాదనలేకపోయింది. ఐదక్క అటు పోగానే నా చెవిలో, "వస్తానే. వచ్చి, మనసులో మాత్రం నాశనమైపో అనుకుంటూ పెడతాను. చూద్దాం ఈ చెయ్యేం చేస్తుందో" అంది.

మర్నాడు కాల్చిన పంది, పళ్ళు, అగరొత్తులు, అన్నీ సిద్ధం. మొదటి కారు మలుపు తిరిగి లోపలికొచ్చింది. తెల్లగా, కొత్తగా, చప్పుడు లేకుండా. తలుపు తీసుకుని దిగింది ఎవరనుకున్నారు? మూడన్న!

ఆరక్క మొహం చూడలేకపోయాను. పాత కారు అమ్మేశాడని, ఇది కొన్నాడని ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు. ఇక ఇది తాగేది పెట్రోలు కాదు. ఆగితే ఇక్కడే ఆగాలి, ఐదక్క గుమ్మంలో. ఆ సంగతి ఆమెకి ఒక్క క్షణంలో అర్థమైంది.

"గోడకి తగిలించుకునే చిన్న చార్జరు కూడా ఇచ్చారు" అని అతను నసుగుతున్నాడు. "అద్దె గదిలో ఉండేవాణ్ణి, నాకు గోడెక్కడిది? ఇంటాయన ఒప్పుకోడు. డబ్బాలోనే ఉంది."

ఎవరూ పట్టించుకోలేదు. ఐదక్క ఆ లావుపాటి ప్లగ్గు తెచ్చి ఆరక్క చేతిలో పెట్టింది. ఆరక్క పెదాలు కదులుతున్నాయి. ఏం తిడుతోందో నాకు తెలుసు. ప్లగ్గు టక్కున కూచుంది, పచ్చ దీపం వెలిగింది, జనం చప్పట్లు కొట్టారు. ఆరక్క ఒక్క ముక్క పంది మాంసం కూడా ముట్టుకోకుండా వచ్చేసింది.

ఆ తిట్లేం పనిచెయ్యలేదు, చెయ్యే పనిచేసింది. కార్లు! ఎక్కడ దాక్కున్నాయో ఇన్నాళ్ళూ, అన్నీ ఐదక్క దగ్గరికే. ఊయలలు చాలక ఇంకో పందిరి వేయించింది. దారిన పోయేవాళ్ళు కూడా, "ఆరక్క చెయ్యి మంచిదమ్మా" అని మెచ్చుకుంటుంటే, ఆరక్క ఆ చేతిని చీరేసుకోవాలన్నట్టు చూసుకునేది.

మొదటివారంలో మూడన్న మంచి పనే చేశాడు. కారుకి అక్కడ ప్లగ్గు పెట్టి, రోడ్డు దాటి వచ్చి, తన పాత ఊయల్లో పడుకున్నాడు. ఆరక్క మొహం చాటంతైంది. కాఫీలో పాలు రెండింతలు పోసింది. అతను పడుకోగానే గుర్రుపెట్టాడు. కానీ కారుకి చార్జింగు నిండిపోయాక తీసెయ్యాలి కదా, వెనకాల ఇంకా కార్లు ఆగి ఉంటాయి. జేబులో ఫోను మోగుతూనే ఉంది, ఈయనకి వినపడితేగా. అవతల హారన్లు మోత. ఐదక్క రోడ్డు మధ్య గట్టు ఎక్కి నిలబడి అరుస్తోంది.

"మూడన్నా! ఓ మూడన్నా! నీ కారు తీస్తావా, కాలవలోకి తొయ్యమంటావా? ఇక్కడ జనం నన్ను కొట్టేట్టున్నారు!"

పాపం ఉలిక్కిపడి లేచి, ఒక కాలికే చెప్పుతో పరిగెత్తాడు. ఎవడో మూడన్ననీ అతని అమ్మనీ కలిపి తిట్టాడు. ఆ సిగ్గుతో మళ్ళీ రోడ్డు దాటలేదు. ఐదక్క కొట్లోనే, కారుకి దగ్గరగా ఉండే ఊయల్లో పడుకోవడం మొదలుపెట్టాడు.

"చూశావా, ఎంచుకున్నాడు" అంది ఆరక్క.

"కారు తియ్యాలి కదా అక్కా, ఏం చేస్తాడు?"

"కారొక సాకు. అవతల ఆవిడగారు కొబ్బరిబోండాం ఇస్తోంది. తలగడ ఇస్తోంది. ఊయల్లో తలగడేంటే, సిగ్గులేకపోతే సరి! చూడు, విసనకర్ర కూడా తెచ్చింది. వయసెంతని దానికి? ఆ జాకెట్టేంటి, ఆ పూలేంటి? చూడు చూడు, వంగి మాట్లాడుతోంది!"

వదిలేసిన రెండో చెప్పు సంగతి అడిగితే, కాలవలో పారేశానంది. అబద్ధం. కౌంటరు కింద, నేలదేవుడి పక్కనే ఉంది. ఊడ్చేటప్పుడు తీసి, మళ్ళీ అక్కడే పెడుతుంది.

అప్పట్నించి మధ్యాహ్నం మూడన్న కారు అవతలికి తిరగగానే ఆరక్క కాగితం వెలిగించి అటువైపు ఊపేది. బోణీ వేళ కాదు, ఏమీ కాదు. లారీవాళ్ళు నవ్వేవాళ్ళు. "అమ్మా, పందిరి తగలబెట్టుకుంటావు" అన్నాడొకడు. "తగలబడనీ, అవతల మిషన్లామె వెచ్చగా చలి కాచుకుంటూ చూస్తుంది" అంది. నవ్వించాలనే అంది గానీ కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల అనుకున్నాను ముందు. పొగ వల్ల కాదు. చివరి ఊయల మాత్రం ఖాళీగానే ఉంచింది, తాడు తెగిందనే చెబుతూ.

వానాకాలం చివర్లో, ముసురు పట్టిన ఒక పొద్దున, నేను బొగ్గులు రాజేస్తున్నాను. బేరాలింకా మొదలవ్వలేదు. ఆ తెల్లకారు వచ్చి ఇవతల ఆగింది. ఇవతల! మూడన్న దిగాడు, చంకలో ఒక అట్టపెట్టె. తిన్నగా పందిరి దాటి వెనకింటి గోడ దగ్గరికి పోయాడు.

"ఈ గోడ ఇటుకదేనా?"

ఆరక్క చేతిలో గ్లాసు కింద పెట్టింది. అలవాటు కొద్దీ, "కాఫీ?" అంది.

"వద్దు. అంటే... ముందు ఇది అడగాలి." గోడ మీద చేత్తో కొట్టి చూశాడు. జానలు వేసి కొలిచాడు. "కరెంటు లైను ఎక్కణ్ణించి వస్తుంది?"

పట్టకారు పట్టుకుని లేచాను. ఒరే మూడన్నా, బోణీ కాలేదురా, అదే మాట, అవే ప్రశ్నలు! ఆరక్క చెయ్యి తనంతట తనే కాగితం మీదికి పోయింది. ఇంకో చేత్తో అగ్గిపుల్ల గీసింది.

అతను చూడలేదు. అట్టపెట్టె తిప్పుతూ గోడతోనే మాట్లాడుతున్నాడు. "ఇది నెమ్మదిగా ఎక్కే రకం. రాత్రంతా పడుతుంది."

"రాత్రంతానా?"

"రాత్రంతా. రోజూ."

నా చేతిలో పట్టకారు కింద పడింది.

"ఐదక్క దగ్గర కాఫీ తాగేలోపే ఎక్కేస్తుంది కదా" అంది ఆరక్క. గొంతులో విషమంతా అలాగే ఉంది. "బోండాం, తలగడ, విసనకర్ర. నా గోడెందుకు నీకు?"

మూడన్న అప్పుడు ఇటు తిరిగాడు. "అక్కడ కారుకి ఎక్కుతుంది. నాకు నిద్ర పట్టదు. ఒక్కరోజు కూడా పట్టలేదు. ఇటు తిరిగి పడుకుని, నువ్వు కాగితాలు కాలుస్తుంటే చూస్తుంటాను."

అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలింది. ఆరక్క చెయ్యి విదిలించింది. కాగితం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, జాకెట్లో దోపుకుంది. కౌంటరు కింద కాలు పెట్టి, ఆ ఒంటి చెప్పుని అతని ముందుకి తోసింది.

"బోణీ కాకుండా గోడలడిగేవాళ్ళని ఏం చేస్తానో తెలుసుగా? ముందు కూర్చుని కాఫీ తాగు. తరవాత కొలుచుకో."

అతను కూర్చున్నాడు. నేను ఆబగా రోడ్డవతలికి చూశాను. ఐదక్క కొట్లో అప్పటికే ఊయలలు నిండిపోయాయి, ఆమె బోణీ ఎప్పుడో అయిపోయింది. అయినా గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఒక కాగితం వెలిగించి, మా వైపు ఊపడం మొదలుపెట్టింది.