బ్రాంచి లైనులో మెరిసిన పట్టా

2019. సౌదీలో ఒక నగరాన్ని హై-స్పీడ్ మెయిన్ లైనుతో కలిపే బ్రాంచికి నేను సిగ్నల్ సూపర్‌వైజర్ని. వారానికి రెండు బళ్లు తిరిగితే గొప్ప. మిగతా రోజుల్లో దాని మీద ఇసుక గాలే తిరిగేది.

నాకు అనుమానం ఎక్కువ. గల్ఫ్ యుద్ధం రోజుల్లో రాస్ తనూరా చమురు రేవులో పనిచేస్తున్నప్పుడు, దారిలో సంచి కనిపిస్తే బాంబేమో అని ఆగిపోయేవాణ్ని. యుద్ధం పోయింది, అలవాటు మాత్రం పోలేదు.

ఒక ఉదయం తనిఖీకి వెళ్తే, తుప్పు పట్టిన పట్టాలు ఒకచోట రెండు మూరల మేర తళతళలాడుతున్నాయి. నాలుగు రోజులుగా బండే రాలేదు. ఎవడో ఇక్కడ ట్రాలీ ఎక్కించి రాగి కేబుల్ మోసుకుపోతున్నాడనుకున్నాను.

ఆ ముక్క లైను చూసుకునేది ట్రాక్‌మన్ రాజన్న. జగిత్యాల వైపు మనిషి. అక్కడే ఎదురుపడ్డాడు, భుజాన సంచి ఉంది.

"ఏముంది అందులో?"

"ఏం లేదు సార్," అంటూ సంచి వెనక్కి జరిపాడు.

అంతే, నాకు ఖాయమైపోయింది. ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపమని రిపోర్టు రాసి జేబులో పెట్టుకున్నాను. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతే అతనికి ఇక్కడ పని లేదు. కళ్లారా పట్టుకుందామని మర్నాడు పొద్దున్నే అతని వెనకే వెళ్లాను.

రాజన్న సంచిలోంచి ఇటుక ముక్క తీసి, ఇత్తడి బిందె తోమినట్టు పట్టా తోముతున్నాడు.

"ఇదేం పని?"

ఉలిక్కిపడి లేచాడు. "మా తనిఖీ బండి ఈడ నిలవడ్తది సార్. తుప్పు మీద నిలవడితె కంట్రోల్ల కనవడ్తలేదు. పోయిన నెలనే మీకు జెప్పిన. నీ పని నువ్వు చూస్కో అన్నరు. మల్ల తిడ్తరని సంచి దాచిన."

నిజమే, ఆ మాట నేనే అన్నాను.

ట్రాక్ సర్క్యూట్ అంటే పట్టాల్లో పారే కరెంటు. చక్రాలు దాన్ని కలిపితేనే లైను మీద బండి ఉందని కంట్రోల్ రూముకు తెలుస్తుంది. తుప్పు అడ్డుపడితే తెలియదు. అప్పుడు తనిఖీ బండిలో ఉండే ఆరుగురి మీదికి ఇంకో బండిని వదలొచ్చు.

తనిఖీ బండి రాగానే తుప్పు మీద నిలిపించి కంట్రోల్ రూముకు ఫోన్ చేశాను. "లైను ఖాళీ," అన్నారు. రాజన్న తోమిన చోటికి జరిపించాను. "ఇప్పుడు బండి కనిపిస్తోంది," అన్నారు.

పాత రిపోర్టు చింపేశాను. కొత్తదాంట్లో, ముందే చెప్పినా వినని మనిషిగా నా పేరే రాశాను. తుప్పు పట్టకుండా రోజూ ఖాళీ ఇంజను తిప్పడం మొదలైంది. అయినా రాజన్న భుజాన సంచి దిగలేదు.

"ఇంకా ఇటుక ఎందుకు రాజన్నా?"

"మీరు మంచోల్లే సార్. గని మల్ల ఎవలన్న ఇనకపోతె? ఉండనియ్యుండ్రి."

చెప్పిన మనిషిని అనుమానించే ముందు, చెప్పిన మాటను పరీక్షించి చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. సంచి పక్కన పెట్టమని మాత్రం అతనికి చెప్పలేకపోయాను.