ఓడే జట్టుకు పెద్దదిక్కు

మా మామ పోయాడన్న కబురు నాకు మొరప్పూర్ బడిలో పిల్లలకు పాఠం చెబుతుండగా అందింది. ధర్మపురి వైపు నుంచి వచ్చే, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు దిగి, మా ఊరి మనిషి ఒకడు నేరుగా తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అన్నా, పొద్దున్నే మీ మామ పోయినాడు. సంగటి తినేసి తిన్నె మీద కూచున్నాడంట. అత్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చేలోపల తల వాల్చేసినాడంట" అన్నాడు. నా నోట వచ్చిన మొదటి మాట, "కష్టపడినాడా?" అని. "లేదన్నా. మూలిగింది కూడా లేదంట" అన్నాడు. అప్పుడు గానీ నా గుండె కుదుటపడలేదు. ఆయన గుండె బాగోలేదని, ఇకమీద కేకలు వేయకూడదని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. కేకలు వేయకుండా ఉండడమే పెద్ద రోగం ఆ మనిషికి.

ఆయనను మీరు ఎరిగి ఉండరు. ధర్మపురికి కూతవేటు దూరంలో ఉంటుంది మా ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మామ మా అమ్మకు తమ్ముడు. అమ్మ పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కొన్నేళ్లకు తొప్పూరు నుంచి ఆయనా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కాసిని ఆవులు, కాస్త రాగి చేను, నోరున్న పెళ్లాం, బెంగళూరులో పనికి పోయిన కొడుకు. ఇదీ ఆయన సంసారం. పిచ్చి మాత్రం ఒక్కటే, మా ఊరి చెడుగుడు జట్టు.

ఆ జట్టు గురించి నాలుగు మంచి మాటలు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఎందుకంటే అందులో నేనూ ఉండేవాణ్ణి. ఎండలు మొదలయ్యే పంగుని నెలలో మారెమ్మ పండగ మర్నాడు పక్క ఊరు సోగత్తూరు వాళ్లతో మాకు పందెం. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మేము గెలిచింది లేదు. గెలిచే దారీ లేదు. పండగలో మొదటి తాంబూలం ఏ ఇంటికి, రెండోది ఏ ఇంటికి అని ఒక వరుస ఉంటుంది కదా, మా వాళ్లు చెడుగుడుకూ అదే వరుస పెట్టారు. ఇంటికొకడు, అదీ పెద్దకొడుకు. వాడికి కాళ్లున్నాయా, ఊపిరి ఉందా అని ఎవరూ అడగరు. కూతకు పోవడం కూడా ఆ వరుసలోనే. మొదటి ఇల్లు మాది గనుక మొదటి కూత నాది. నేను ఎప్పుడు వస్తానో, నా తర్వాత ఎవడు వస్తాడో సోగత్తూరులో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. నేను గీత దాటేసరికి అవతల నలుగురు నవ్వుతూ కాచుకుని ఉండేవాళ్లు, చుట్టాన్ని భోజనానికి పిలుస్తున్నట్టు. నేను పోవడం, వాళ్లు పట్టడం, జనం ఘొల్లుమనడం. మోచేతుల మీద తోలు మళ్లీ వచ్చేసరికి మళ్లీ పంగుని వచ్చేది.

యుద్ధం వచ్చి, ఉన్న కాస్త బలాన్నీ ఊడ్చుకుపోయింది. ఒకడు పట్టాళంలో చేరాడు, ఇంకొందరు బెంగళూరు ఫ్యాక్టరీల బాట పట్టారు. చోటు ఇంటిది గనుక, కొడుకు లేకపోతే తండ్రి దిగాలి. మనవళ్లను ఎత్తుకు తిరిగే మనిషి పంచె ఎగగట్టి గీత మీద నిలబడితే, ఆయన్ను పట్టుకోవడానికి సోగత్తూరు కుర్రాళ్లకే మొహమాటంగా ఉండేది.

మామకు ఆ వరుసలో చోటు లేదు. బయటి నుంచి వచ్చిన ఇల్లు కదా. తొప్పూరులో కుర్రతనాన ఆయన కూతకు పోతే కొండ ఘాటు రోడ్డు ఎక్కే బండ్లవాళ్లు ఎద్దులను ఆపి చూసేవాళ్లని అమ్మే చెప్పేది. ఇక్కడ మాత్రం ఆయన ఒక్కసారి కూడా గీత లోపల కాలు పెట్టలేదు. పెట్టనివ్వమని అడగనూ లేదు. బయట నిలబడి అందరికంటే గట్టిగా అరిచేవాడు. ఎందుకు మామా నీకీ బాధ అంటే, "గెలిచే జట్టునైతే ఎవురైనా చూస్తారు అల్లుడూ. ఓడేదాన్ని చూసేదానికి కూడా ఒక మనిషి ఉండల్ల గదా" అనేవాడు.

సంతలో అందరూ ఎద్దుల పళ్లు చూస్తుంటే ఆయన ఎద్దులు తోలుకొచ్చినవాడి పిక్కలు చూసేవాడు. అత్త పులుసుకు చింతపండు నానబెడితే గింజలు ఆయన సొత్తు. తిన్నె మీద గీత గీసి, గింజలను అటూ ఇటూ నిలబెట్టి, వీణ్ణి కుడి పక్కకు మారిస్తే ఎట్లా, వాణ్ణి చివర్లో పంపితే ఎట్లా అని తనలో తానే వాదించుకునేవాడు. ఒక పుచ్చు గింజను మాత్రం ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే తిప్పుతూ ఉండేవాడు. అది ఎవరని అడిగితే, "నీకెందుకులే" అన్నాడు. నాకు అర్థమైంది. నా పెళ్లిచూపులకు కూడా వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ "పిల్ల ఎట్లుందిరా?" అని అడిగితే, "పిల్లను సరిగా చూడలేదక్కా. ఆ పిల్ల అన్న భుజాలు చూస్తివా? మన ఊళ్లో పుట్టాల్సినోడు" అన్నాడు. అమ్మ దారి పొడుగునా తిట్టింది. నా భార్య ఈ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

నిరుటి పంగునిలో మేము ఓడిన తీరు చెప్పుకోదగింది కాదు. ఆ రోజే మామ అరిచి అరిచి గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఊరిపెద్ద మా చిన్నాయనే, మా నాయనకు తమ్ముడు. ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు. "ఇంక చాలు. వచ్చే ఏడు సోగత్తూరోళ్లు పందేనికి తాంబూలం తెస్తే తిప్పి పంపిస్తాము. వాళ్లను నవ్వించేదానికి మనమెందుకు పోవల్ల? నాకు వెక్కంగా, సిగ్గుగా ఉండాది" అన్నాడు. తాంబూలం తిప్పి పంపితే మళ్లీ పిలవరు. జట్టు లేనట్టే. డాక్టరు చెప్పిన మాటకు బెదరని మామ ఈ మాటకు బెదిరిపోయాడు. నాలుగు రోజులు అన్నం సరిగా ముట్టలేదని అత్త వచ్చి మొత్తుకుంది.

మా ఊరి అంచున బావులు తవ్వే కుటుంబాలు ఉన్నాయి. వాళ్లూ తరాలుగా ఇక్కడివాళ్లే, వాళ్ల ఇళ్లలోనూ తెలుగే. ఆ ఎండల్లో మామ చేను పక్కన బావి తవ్వుతూ, మధ్యాహ్నం పని ఆపిన వేళ, తోడిపోసిన మట్టి మీద చెడుగుడు ఆడుకున్నారు. మామ ఆవులను వదిలేసి చూస్తూ నిలబడిపోయాడు. మునుసామి అనే కుర్రాడు ఒక్క ఊపిరితో ముగ్గురిని తాకి, నడిచినంత తేలిగ్గా వెనక్కి వచ్చాడట. మామ ఆ ఎండలోనే, చెయ్యి గుండె మీద పెట్టుకుని, మా ఇంటికి వచ్చేశాడు.

"అక్కా, ఒక మాట అడగల్ల. కోపపడకూడదు."

"అడుగు."

"మీ ఇంటి చోటు వదిలిపెట్టు. అల్లుణ్ణి జట్టులో నుంచి తీసేస్తాము."

నాయన పోయాక మా ఇంట్లో మాట అమ్మదే. ఆమె చేతిలో చేట కింద పెట్టేసింది. "మొదటి ఇంటి చోటురా అది! మీ బావ ఆడినాడు, వాళ్ల నాయన ఆడినాడు. నా కొడుకు వంతు వచ్చేసరికి వద్దా? తోడబుట్టినోడివి, నువ్వే నా ఇంటి మరియాద తీస్తావా?"

"తీసేదానికి కాదక్కా. మొదటి ఇల్లు వదిలితేనే మిగతా ఇండ్లు వదులుతాయి. అడిగేదానికి నాకు ఇంకో అక్క లేదు గదా."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమంటావురా?"

నేను ముఖం వీలైనంత దిగులుగా పెట్టి, "ఊరి మేలు కోసమంటే సరేలే" అన్నాను. లోపల మాత్రం నా మోకాళ్లూ మోచేతులూ కలిసి ఆయనకు దండం పెట్టాయి. ఆ రాబోయే పంగుని తలుచుకుంటే భయం వేయకపోవడం నాకు అదే మొదలు. నన్ను జట్టులోంచి తీసేసినందుకు ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

అమ్మ మాత్రం తమ్ముడితో మాట మానేసింది. ఆయన రోజూ వచ్చేవాడు. ఆమె మజ్జిగ చెంబు ముందు పెట్టి లోపలికి పోయేది. "తిట్టినా బాగుండు అల్లుడూ" అని నాతో అనేవాడు.

మారెమ్మ గుడి ముందు ఊరు కూడింది. మా ఇల్లు చోటు వదిలిందంటే ఒక్కొక్కరూ దిగివచ్చారు గానీ, బావులు తవ్వేవాళ్ల పిల్లలనేసరికి గొణుగుడు మొదలైంది. వాళ్లతో కలిసి గీతలో నిలబడేదెట్లా అన్నారు. మామ గొంతు పెంచలేదు, పెంచకూడదు. "మన బావులన్నీ వాళ్లు తవ్వినవే. ఆ నీళ్లే తాగతా ఉండాము. తాగినప్పుడు లేని కష్టం ఆడేటప్పుడు ఎందుకొస్తాది బావా?" అని చిన్నాయనను అడిగాడు. చిన్నాయన గొణుగుతున్నవాళ్ల వైపు ఒకసారి చూశాడు. చివరికి, "సరి. ఒక్క తూరి చూస్తాము. కానీ ఈ తూరి కూడా వాళ్లు నవ్వినారంటే, చెడుగుడు మాట మళ్లీ ఈ ఊళ్లో ఎత్తకూడదు. నువ్వు కూడా ఎత్తకూడదు" అన్నాడు. మామ తల ఊపాడు.

ఈ పంగునిలో సోగత్తూరుకు పోవద్దని అత్త కాళ్లావేళ్లా పడింది. "చూసేదానికే పోతా ఉండాను. నోరు తెరవను" అని ఒట్టేసి వచ్చాడు. నేను మొదటిసారి గీతకు బయట, ఆయన పక్కన నిలబడ్డాను. అవతల ఆ నలుగురూ అలవాటు ప్రకారం నవ్వుతూ నా కోసం కాచుకుని ఉన్నారు. నా బదులు మునుసామి వచ్చాడు. వాళ్లకు సంగతి తెలిసేలోపలే ఇద్దరిని తాకి ఇవతలికి వచ్చేశాడు. మామ నోరు తెరిచాడు. నేను గబుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. అప్పటి నుంచి ఆయన నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఆయన గోళ్లు దిగినచోట వారం దాకా మంట పుట్టింది.

చివరి కూత దాకా సమానంగా వచ్చి, ఆ చివరి కూతలోనే ఓడాము. మునుసామి కాలి మడమ పట్టుకుని ముగ్గురు మీద పడితే, గీతకు జానెడు దూరంలో అతని ఊపిరి తెగింది. జనంలో ఎవరూ ఘొల్లుమనలేదు. సోగత్తూరు జట్టు పెద్ద వచ్చి, ఇంకా రొప్పుతూ, మునుసామికి చెయ్యి ఇచ్చి లేపాడు. తాగడానికి నీళ్లు తెప్పించాడు.

తిరుగుదారిలో చిన్నాయన అందరికంటే ముందు నడుస్తున్నాడు. మామ ఆయన వెన్ను చూస్తూ నడుస్తున్నాడు, తీర్పు కోసం నిలబడ్డవాడిలా. సగం దారిలో చిన్నాయన వెనక్కి తిరగకుండానే, "కుడి పక్క పట్టు చాల్లేదు. వచ్చే ఏటికి అక్కడ ఇంకొకడు కావల్ల. ఎవురన్నా ఉంటే చూడు" అన్నాడు.

మామ రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. గుండె అనుకుని నేను హడలిపోయాను. చూస్తే నవ్వుతున్నాడు, కళ్ల నిండా నీళ్లు. "ఓడినాము అల్లుడూ. ఒక్కడన్నా నవ్వినాడా?"

"లేదు మామా."

"పల్లు బయట పెట్టినోడు ఒక్కడు లేడు." ఇల్లు చేరేదాకా ఈ మాటే చెప్పాడు. మా వాకిట్లోకి రాగానే అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చి, "ఏమిరా, నీ జట్టు మళ్లీ ఓడిపోయిందంటనే" అంది. అన్ని నెలల తర్వాత తమ్ముడితో ఆమె అన్న మొదటి మాట అది. "ఓడిపోయిందక్కా" అన్నాడు మామ, గెలిచినవాడికి కూడా ఉండనంత సంతోషంగా.

ఆ తర్వాత ఆయన బతికింది కొద్ది రోజులే. కుడి పక్కకు మనిషి కోసం సంతలన్నీ తిరిగాడు, అత్త చేత తిట్లు తిన్నాడు, అక్క చేత తిట్లు తిన్నాడు. పంగుని దాటాక వచ్చే చిత్తిర నెల ఎండలు ముదరకముందే పోయాడు. నాకు ఏడుపు రాలేదని చెప్పను. కానీ ఆ నిరుటి దిగులుతోనే ఆయన పోయి ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి. జట్టు నిలబడింది. అక్క మాట్లాడింది. బాధ లేకుండా కళ్లు మూశాడు. బస్సులో ఊరికి వస్తున్నంతసేపూ ఈ మూడూ తలుచుకుని స్థిమితపడ్డాను.

నేను చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. పండగకని వచ్చి ఇంకా బెంగళూరు తిరిగిపోని కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డాడు. మా ఊళ్లో పాడె పట్టడానికీ ఇళ్ల వరుసే. చిన్నాయన అలవాటుగా మొదటి ఇంటివాణ్ణి పిలవడానికి నా వైపు చూశాడు. మళ్లీ ఏమనుకున్నాడో, "ఆటగాళ్లు ముందుకు రాండి" అన్నాడు.

రైతుల పిల్లలూ బావులు తవ్వేవాళ్ల పిల్లలూ కలిసే వచ్చారు. ఎవరూ గొణగలేదు. నలుగురు నాలుగు మూలలా నిలబడ్డారు, మిగతావాళ్లు మార్చుకోవడానికి పక్కన నిలబడ్డారు. నేను అమ్మ దగ్గర ఉండిపోయాను. ఆ జట్టులో నేను లేనందుకు నాకు జీవితంలో మొదటిసారి కష్టం కలిగింది.

మునుసామి వెనక్కి తిరిగి చూశాడు. "అయ్యోరా, ఇట్లా రాండి. ఈ మూల మీరు పట్టండి" అని తన చోటు వదిలి పక్కకు జరిగాడు. నేను వెదురు కింద భుజం పెట్టాను. మిగతా ముగ్గురూ నాకంటే పొడుగు, నా మూల కిందికి వాలింది. అతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, నాలుగు మడతలు పెట్టి నా భుజం మీద వేసి, దాని మీద వెదురు ఆనించాడు. పాడె సమంగా నిలిచింది.